గర్భిణి రాయి

తమ్ముడూ, కన్నకూతురితో మాట్లాడొద్దని ఏ శాస్త్రంలో ఉందో చూపించగలవా? నచ్చినవాణ్ణి చేసుకోవడం పాపమైతే పురాణాల్లో స్వయంవరాలు ఎందుకున్నట్టు? నువ్వు ఫోనెత్తవు గనక కార్డు రాస్తున్నా.

లెబనాన్ యాత్ర ముగించుకుని మొన్న క్షేమంగా సింగపూర్ చేరాం. బాల్‌బెక్‌లో రోమన్ల గుళ్ళు కూలి స్తంభాలు మిగిలాయి. దగ్గర్లోనే వాళ్ళు చెక్కి, కదిలించలేక వదిలేసిన వెయ్యి టన్నుల రాయి ఉంది. ‘గర్భిణి రాయి’ అంటారు. ఇక్కడికొచ్చాక ఆ ఫొటో చూపిస్తే, ఏడోనెల కడుపుతో ఇక్కడే ఉన్న నీ సరయు, “అచ్చం మా నాన్నే అత్తా, ఎవరు తోసినా కదలడు” అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. రాయికి కాళ్ళు లేవు, నీకున్నాయి!

మరదలి మోకాలినొప్పి తగ్గిందా? పదో తేదీ ఇక్కడ సరయు సీమంతానికి పుట్టింటి గాజులు రావాలి. మీ ఇద్దరికీ అక్క ఆశీస్సులు. ఈ కార్డు పట్టుకున్న చేత్తోనే, ఇవాళే, సరయుకి ఫోన్ చెయ్యి!