జవాబు చెప్పకుండా కూర్చున్న ఆదివారం

సువార్తా,

మన కాపురం విడిచి నువ్వు ప్రభువు దగ్గరికి పోయి నేటికి ఏడాది. ఈలోగా ఆంధ్ర విడిపోయింది, మన గుడియాత్తం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. నువ్వు నడిపిన ఆదివారపు బడి నా చేతికొచ్చాక, నా కేకలకు జడిసి నలుగురు పిల్లలే మిగిలారు. అందుకే సిగ్గు విడిచి, పాఠం ఎలా చెప్పాలో చూద్దామని మొన్న హైస్కూల్లో దేవసహాయం మాస్టరు సైన్సు పాఠానికి వెళ్లాను. బైబిలు ఒళ్లో పెట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాను.

ఆయన వెలుగుతున్న కొవ్వొత్తిమీద గాజుగ్లాసు బోర్లించాడు. మంట ఆరింది.

"ఎందుకు ఆరిపోయిందిరా?" అని అడిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పిల్లలు చెప్పేదాకా ఆగలేక నేనే లేచి, "లోపల గాలి అయిపోయింది!" అని గర్జించాను.

"ఉపదేశి తాతకే ఫస్టు మార్కు!" అని పిల్లలు విరగబడి నవ్వారు.

"అయ్యా, మీకు తెలుసునని నాకు తెలుసు. పిల్లోళ్లను రవ్వంత యోచన చేయనీండి," అన్నాడు మాస్టరు.

ఇవాళ మన బడిలో, చనిపోయిన తన స్నేహితుడు లాజరును బతికించబోతూ కూడా యేసు సమాధి దగ్గర ఎందుకు ఏడ్చాడని అడిగి, నోరు మూసుకుని కూర్చున్నాను. చాలాసేపటికి చిన్న రూతు అంది:

"మళ్లా లేపుతాడని తెలిసినా, స్నేహితుడు నాలుగు దినాలు లేకుండా పోయినాడు గదా తాతా."

ఆ వచనంమీద చర్చిలో ఉపదేశిగా ముప్పై ఏళ్లు గొంతు చించుకున్నాను. ఈ జవాబు నాకు తట్టలేదు. పాఠం అక్కడితో ఆపి బైబిలు మూసేశాను. అయినా ఏ పిల్లా లేచి వెళ్లలేదు, సువార్తా.