పొయ్యి పక్క చోటు

ఫిన్లాండ్ అడవిలో ఒక కట్టెల గుడిసె నుంచి,
ఆదివారం పొద్దున.

ప్రేమగల శాంతమ్మ వదినకు,

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఇక్కడ ఫోన్ పనిచేయదు. పనిచేసినా ఇవి ఫోన్లో చెప్పే మాటలు కావు. మస్కట్‌లో, రూవిలోని మా ఇంట్లో నేను గుసగుసలాడినా హాల్లో ఉన్నవాళ్ళందరికీ వినబడుతుంది. అక్కడ నువ్వేమో స్పీకర్ పెట్టి వాడకట్టు మొత్తానికి వినిపిస్తావు.

కంపెనీ వాళ్ళు మీ తమ్ముణ్ణి పంపుల ట్రైనింగ్ అని ఈ దేశం పంపితే నన్నూ వెంట తెచ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మనిద్దరమే ఎక్కడికైనా పోదామన్నాడు. సంబరపడ్డాను. హోటల్లో ఉన్నా సరిపోయేది. అడవిలో ఒక గుడిసె ఉందట, తాళం ఉండదట, కిరాయి లేదట, మనిషన్నవాడు కనబడడట. నిన్న బయలుదేరదీశాడు. దారి తప్పించాడు. తప్పామని ఒప్పుకునే రకం కాదు కదా, ఇటు పోతే దగ్గరంటూ నడిపించాడు. దోమలు, వాన. బురదలో నా బూటు ఇరుక్కుంటే పీకుతూ నవ్వాడు. అదే బూటుతో ఒకటి వేయాలనిపించింది, నీ ముఖం చూసి ఊరుకున్నాను.

ఈ కాలంలో ఇక్కడ చీకటే పడదు, ఎంత ఆలస్యమైందో కూడా తెలియదు. చివరికి గుడిసె చేరాం. తలుపు దగ్గర ఏమున్నాయనుకున్నావు? బూట్లు. రూవిలో మా గడప ముందు ఎట్లా ఉంటాయో అట్లా, వరసగా బూట్లు. నాకు ఏడుపొచ్చింది వదినా.

లోపల ఒకటే గది. ఇనుప పొయ్యి, గోడ పొడవునా పడుకోవడానికి చెక్క అరుగు, దాని నిండా జనం. కరెంటు లేదు. నీళ్ళు వాగు నుంచి తెచ్చుకోవాలి. దొడ్డికి పోవాలంటే చెట్ల మధ్య ఒక చెక్క గూడు. పొయ్యి పక్కన పడుకున్న ముసలి భార్యాభర్తలు మమ్మల్ని చూడగానే లేచారు. ఒక్క మాట లేదు. పక్కలు చుట్టుకున్నారు. ఆమె పొయ్యిలో రెండు కట్టెలు వేసి, నాకేసి ఒకసారి తలూపింది. ఇద్దరూ ఆ వానలోకే వెళ్ళిపోయారు. మా పక్కన పడుకోవడం ఇష్టం లేకనే పోయారనుకున్నాను. మీ తమ్ముడూ అదే అనుకున్నట్టున్నాడు, తల దించుకుని తడి బట్టలు మార్చుకున్నాడు. వాళ్ళు వదిలిన వెచ్చటి చోట్లో ఒళ్ళంతా మంటతో పడుకున్నాను.

పొద్దున లేస్తూనే నిశ్చయించుకున్నాను. మస్కట్‌లో దిగి నేను రూవికి పోను, అటునుంచి అటే హైదరాబాద్ విమానం ఎక్కుతాను. ఈ గుడిసె మీద కోపంతో కాదు, మా ఇంటి మీద విసుగుతో. ఊరి నుంచి వీసా మీద ఎవరు దిగినా మా హాల్లోనే దిగుతారు. రూమ్ దొరికేదాకా అని వచ్చిన దేవదాసన్నకు మా ఇంట్లో రెండు దసరాలు గడిచాయి. మా గది తలుపుకు గడియ పెట్టుకోవాలంటే నాకు సిగ్గు.

నీకు కూడా చెప్పని మాట ఒకటుంది. నిరుడు ఎండాకాలం నాకు మూడో నెలలో కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి హాల్లో అందరూ క్రికెట్ చూస్తున్నారు. పోయి పడుకుందామంటే మా మంచం మీద కొత్తగా వచ్చినవాళ్ళ సూట్‌కేసులు. వాళ్ళకేం తెలుసు, ఏమనుకుంటారో, ఇంత అన్నం పెట్టమన్నాడు మీ తమ్ముడు. వండి పెట్టాను. కూరలో ఉప్పు తక్కువైందన్నాడు దేవదాసన్న. ఉప్పు తెచ్చి ఇచ్చాను.

ఇప్పుడు నీ కొడుకు భూమేశ్‌కు వీసా వచ్చిందని, మా దగ్గరే ఉంటాడని మురిసిపోతూ చెప్పావు. వాణ్ణి పంపకు వదినా. కడుపులో మాట చెప్పాను, తిట్టుకుంటే తిట్టుకో.

నీ మరదలు,
నవీన

రూవి, మస్కట్.

వదినా,

పై ఉత్తరం పోస్టు చేయలేదు. రెండూ ఒకే కవర్లో పెడుతున్నాను. మొదటిది చదివి కోపమొస్తే కాసిన్ని మంచినీళ్ళు తాగి దీనికి రా.

గుడిసె నుంచి తిరిగి వస్తుంటే వాగు ఒడ్డున చిన్న గుడారం కనబడింది. ఆ ముసలివాళ్ళే. ముఖం తిప్పుకుని పోదామనుకుంటే ఆమె గిన్నె ఎత్తి చూపించి కాఫీకి పిలిచింది. వచ్చీరాని ఇంగ్లీషు, ఆమెదీ నాదీ. రాత్రి ఎందుకు లేచి పోయారని అడిగేశాను, ఇక లోపల దాచుకోవడం నా వల్ల కాలేదు. ముందు ఆమెకు నా ప్రశ్నే అర్థం కాలేదు. తర్వాత చెప్పింది. అడవి గుడిసెలో చివర వచ్చినవాళ్ళదే హక్కట. తడిసి, అలిసి వచ్చేది వాళ్ళే కదా. ముందొచ్చి ఒళ్ళు ఆరబెట్టుకున్నవాళ్ళు లేచి చోటివ్వాలి, పోయేముందు తర్వాతివాళ్ళకు కట్టెలు కొట్టి పెట్టాలి. అంతకుమించి ఏమీ లేదట.

మీ తమ్ముడు ఉబ్బిపోయాడు. "సూసినవా, నేను చేసేది గదే గదా" అన్నాడు. ఇక ఆ వాగు ఒడ్డునే, వాళ్ళ ముందరే, తెలుగులో దులిపేశాను. నువ్వు సగమే విన్నావు, వచ్చినవాళ్ళకు చోటిస్తావు గానీ ఆరినవాళ్ళను లేవమనడం నీకు చేతకాదన్నాను. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఆ ఇంటికి చివర వచ్చింది నేను, నాకోసం ఎవరు లేచారని అడిగాను. పాపం ఆ ముసలాయన ఎటు చూడాలో తెలియక చెట్లకేసి చూశాడు. ఈసారి మీ తమ్ముడు నా వెనక నడిచాడు. దారి కూడా తప్పలేదు.

మస్కట్‌లో దిగి హైదరాబాద్ విమానాల బోర్డు ముందు నిలబడ్డాను. ఆయన నా బ్యాగు పట్టుకున్నాడు. "ఇంటికి రా. ఇయ్యాల నేను నోరు ఇప్పకుంటె, నేనే టికెట్ తీస్త" అన్నాడు.

గడప ముందు అవే బూట్లు, లోపల అదే టీవీ. మీ తమ్ముడు పోయి టీవీ కట్టేశాడు. మా ఇంట్లో ఆ పని ఎవరైనా చేస్తారని నేననుకోలేదు. నిలబడే చెప్పాడు.

"దేవదాసన్నా, నువ్వు రూమ్ సూసుకోవాలె. నిరుడు ఎండకాలం మా బిడ్డ కడుపులనే పోయింది. దవాఖాన నుంచి అచ్చిన దినం ఈమె పండుకుంటానికి ఈ ఇంట్ల జాగ లేకుండె. తప్పు మీది గాదు, నాది. మీకు నేను చెప్పలె."

దేవదాసన్న నా వైపు తిరిగాడు.

"చెల్లే, నేను ఉప్పు అడిగింది గా దినమేనా?" అన్నాడు.

అవునన్నాను. అబద్ధమాడాలనిపించలేదు. మా గదిలోకి పోయి, గడియ పెట్టుకుని, మొదటిసారి బయటికి వినబడేటట్టు ఏడ్చాను. ఎవరూ టీవీ పెట్టలేదు.

శుక్రవారం దేవదాసన్న సైట్ దగ్గర రూమ్‌కు మారిపోయాడు. ఆ గుడిసెలో కట్టెలు పెట్టిపోయే సంగతి నేను ఇక్కడ ఎవరికీ చెప్పలేదు వదినా. ఆయన పోయాక వంటింట్లోకి వెళ్తే నిండు గ్యాస్ సిలిండర్, బియ్యం బస్తా, దాని మీద ఒక ఉప్పు ప్యాకెట్ ఉన్నాయి.

భూమేశ్‌ను పంపు. ఇక్కడ పొయ్యి పక్క చోటంటే ఏసీ కింద చోటు. వాడి తర్వాత ఇంకొకరు వచ్చేదాకా అది వాడిదే. దిగిన రోజు అన్నం నేను పెడతాను. తెల్లారి నుంచి వాడు నాకు పెట్టాలి, కాబట్టి వంట నేర్పి పంపు. ఉప్పు తక్కువైతే నేను ఊరుకోను.

నీ మరదలు,
నవీన