రాణి కొండ దిగింది

ఫిబ్రవరి 9

మా ఊరికి ఎగువనున్న ఎగ్గెన్ పల్లె పైన, వాలులో మంచుని గొయ్యిగా తవ్వాను. అడుగున జనవరి చలికి పంచదారలా పొడిపొడిగా మారిన మంచు. దాని మీద మొన్నటి నుంచి కురిసిన బరువంతా. ఒక దిమ్మను విడిగా కోసి, మీద పార పెట్టి, మణికట్టుతో మెల్లగా తట్టాను. గట్టిగా కొట్టే పనే లేకపోయింది. పై సగం జారి నా ఒళ్లో పడింది.

ఇంకా కురుస్తుందట. మంచు చరియ విరిగితే నేరుగా ఎగ్గెన్ ఇళ్ల మీదికే. అన్నిటికంటే పైన ఉన్నది మా అత్తగారి ఇల్లు.

ఫిబ్రవరి 10

మంచు కమిటీ ఒప్పుకుంది. ఎగ్గెన్ ఖాళీ చేయించాలి. వెళ్లి చెప్పడం మాత్రం నా పనేనట. కమిటీకి అధ్యక్షురాలిని కదా, అదీ ఈ పదవిలో మొదటి శీతాకాలం.

వెళ్లాను. ఎవరూ కదలరు. అందరూ మా అత్తగారు క్రెసెంజియా వైపే చూస్తారు. ఆవిడేమో, మా ముత్తాతలు కట్టిన కొట్టం ఇది, చరియని చీల్చడానికి వెనక రాతి గోడ ఉంది, నిన్న కాక మొన్న వచ్చి పారతో తట్టి నాకు చెప్తావా, అంది.

అసలు బాధ వేరు. కింద ఊళ్లో ఆవుని కట్టడానికి ఖాళీ ఉన్నది థియోడుల్ కొట్టంలోనే. పోయిన వేసవి, ఆవులు కొమ్ములతో నెట్టుకునే పోటీకి అత్తగారి ఆవు టిగ్రా రాలేదు, కాలు బెణికి. థియోడుల్ ఆవు బెల్లోనా గెలిచి ఆ ఏటి రాణి అయింది. అత్తగారే భయపడి టిగ్రాని దాచేసిందని ఆయన లోయంతా చాటాడు. ఆ ముసలాడి కొట్టంలో నా ఆవుని కడతానా, చస్తాను గానీ, అంది. నిజంగానే చచ్చేలా ఉంది.

ఫిబ్రవరి 11

కురుస్తూనే ఉంది. రోడ్ మూసేశాం. పోలీసులు రాలేరు, హెలికాప్టర్ ఎగరదు. ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

ఫిబ్రవరి 12, పొద్దున

ఒక ఆలోచన వచ్చింది. సిగ్గుమాలిన ఆలోచన.

ఫిబ్రవరి 12, సాయంత్రం

చేసేశాను!

కాసేపు తెరిపివ్వగానే ముందు థియోడుల్ దగ్గరికి పోయి ఒక మాట అనమన్నాను. సంతోషంగా అన్నాడు. ఆ మాట మోసుకుని పైకెక్కాను. అత్తయ్యా, కుంటుతున్నది టిగ్రానా, మీ ధైర్యమా అని అడుగుతున్నాడు ఆయన, ఇవాళే కింద స్కూల్ ముందు తేల్చుకుందాం అంటున్నాడు, అన్నాను. ఆవిడ ముక్కుపుటాలు అదిరాయి. ఎవడు, ఆ గొర్రె మొహం వాడేనా, పద, అంటూ టిగ్రా మెడకి పెద్ద గంట కట్టింది.

రాణుల పోటీ అంటే మా లోయలో ఇంట్లో కూర్చునేదెవరు? మంచాన పడ్డ ఆగథాని కూడా స్లెడ్జి మీద లాక్కొచ్చారు. పాలు పితికే వేళకి తిరిగి రాలేరేమో, పశువులన్నిటినీ తోలుకురండి అన్నాను. తోలుకొచ్చారు. ఎగ్గెన్‌లో ఒక్క చిమ్నీ నుంచీ పొగ రావడం లేదని చూసుకున్నాకే నేను దిగాను.

కొమ్ములు కలిశాయి. టిగ్రా తల దించి నెట్టింది, నెట్టింది, బెల్లోనా చటుక్కున తిరిగి పారిపోయింది. అరుపులకి చరియలు విరగవు గానీ, విరిగేటట్టయితే మా అత్తగారి అరుపుకి విరగాల్సిందే.

అప్పుడు నేను ఎగ్గెన్ దారికి అడ్డంగా గేటు దించేశాను. రాణిని ఎర వేసి మమ్మల్ని దింపావా దొంగదానా, అంది ఆవిడ. అన్నా కూడా పైకి వెళ్లలేదు. థియోడుల్ కొట్టంలో రాణికిచ్చే మొదటి చోటు ఇప్పుడు టిగ్రాది. దాన్ని వదులుకుంటుందా?

ఫిబ్రవరి 13

తెల్లవారుతుండగా చరియ వచ్చింది. ముందు గాలి, వెనకే మోత. ఎగ్గెన్‌లో మా అత్తగారి ఇల్లు లేదు, కొట్టం లేదు, చరియని చీల్చాల్సిన రాతి గోడా లేదు. మనుషులందరూ స్కూల్లో ఉన్నారు, రొట్టె మీద చీజ్ కరిగించుకుని తింటూ, నిన్నటి పోటీలో ఏ ఆవు ముందు నెట్టిందో అని కొట్లాడుకుంటూ. ఒక్క మేకపిల్ల కూడా పోలేదు.

ఎవరూ చూడరు కాబట్టి రాసుకుంటాను. గెలిచాను. గెలిచాను!

ఫిబ్రవరి 20

అత్తగారు ఒక కర్ర పట్టుకుని వచ్చింది. కొత్త కొట్టం ఎక్కడ కట్టుకోవాలో చూపించు, అంది.

ముందు ఆవిడ, వెనక నేను, బయలంతా నడిచాం. ఒకచోట ఆగండి అన్నాను. ఆగింది. కర్ర అక్కడే పాతింది.