వెనక నిలబడి చూసేవాళ్లు

ఓరిన్ బావా,

మా చక్రాల ఇల్లు, ఆ క్యాంపర్ అమ్మెయ్యమని రాశావు. అమ్మను. దాన్ని లాగడానికి మొన్న పికప్ ట్రక్కు కూడా కొన్నాను. కానీ ఈ ట్రక్కు వెనక తొట్టి పొట్టి. మలుపులో క్యాంపర్ ముక్కు ట్రక్కు వెనకద్దాన్ని గుద్దుతుందేమోనని, తొట్టిలో బిగించి క్యాంపర్‌ని తగిలించే కొక్కెం, అదే హిచ్, వెనక్కి జరిగేది కావాలా అని కొట్టువాణ్ణి అడిగాను.

"వెనక నిలబడి చూసేవాళ్లుంటే మామూలుది చాలు పెద్దాయనా. ఉన్నారా?"

"ఎందుకు లేరు? 'ఆపవయ్యా మహానుభావా, గుద్దేస్తావ్!' అని మా లావోన్ నెబ్రాస్కా రాష్ట్రమంతా వినపడేలా అరుస్తుంది," అనేశాను.

వాడు నవ్వి మామూలుదే బిగించాడు.

నిన్న క్యాంపర్ తగిలించుకుని ఇంటి ముందు మలుపు తిరగబోతూ, అలవాటుగా కిటికీ అద్దం దించాను. ఎవరూ అరవలేదు. బండి అక్కడే ఆపేశాను.

నువ్వే ఆ కొట్టుకి ఫోన్ చేసి, జరిగే హిచ్చే పెట్టమను బావా. ఎందుకని అడిగితే, మీ చెల్లెలు పోయిందని నువ్వే చెప్పు. నాకు నోరు రావడం లేదు.