నువ్వు పంపిన రొయ్యలు

అమీర్‌పేట

చెల్లెలు అమృతమ్మకు అక్క దీవెనలు. ప్రభువు దయవల్ల అందరం బాగానే ఉన్నాం, కంగారుపడకు.

నువ్వు మంచులో పెట్టి రైల్లో పంపిన పెద్ద రొయ్యలు చేరాయి. ఒక్కదానికీ తల ఊడలేదు, మంచివే ఏరావు. పొట్టు ఒలిచి, వీపున నల్ల నరం లాగి, ఉప్పూ పసుపూ వేసి కడిగాను. అయినా దారిలో చెడ్డాయేమో, ఎవరి కడుపైనా పాడవుతుందేమోనని ఒకటే బెంగ. కోడలు నవోమి "ఇగ దించు అత్తమ్మా, ఉడికినయ్" అంటున్నా వినక ఇంకా ఉడికించాను. ముడుచుకుపోయి తోలుముక్కలయ్యాయి.

నవోమి తండ్రి యెషయాగారు భోజనానికొచ్చారు. నమిలి నమిలి "గీ రొయ్య ఇంక సావలే వదినె, నా పండ్లతోటి కొట్లాడుతుంది" అన్నారు. అందరూ నవ్వారు. సముద్రం పక్కన పుట్టానని గొప్పలు పోయేదాన్ని కదా, తల కొట్టేసినట్టయి "పొయ్యి దగ్గర ఉన్నది మీ అమ్మాయే, రొయ్యల సంగతి దానికేం తెలుసు" అనేశాను. కన్నతండ్రి ముందు ఆ పిల్ల తల వంచుకుని నాకే ఇంకాస్త చారు పోసింది.

నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే చింతకాయ పచ్చడి పంపు. పిల్లలకు నా ముద్దులు.

ఎప్పుడూ నా కార్డులు రాసేది నవోమే. ఇది మాత్రం నేనే రాశాను, వంకర అక్షరాలు కూడబలుక్కుని చదువుకో. పోస్టులో వెయ్యమని దాని చేతికే ఇస్తాను. చదువుతుందని తెలుసు. నోటితో చెప్పడానికి నాకు మొహం చెల్లడం లేదు.

నీ అక్క దేవమణి