అమ్మ ఆమెన్ అనని ప్రార్థన

ఉయ్యూరు, మంగళవారం

అమ్మా కెజియా, ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం కులాసా.

ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు, అందుకే ఈ పోస్టుకార్డు. గన్నవరంలో నేను మాట్లాడిపెట్టిన నర్సు ఉద్యోగం వద్దనుకుని నువ్వు ఏజెన్సీ అడవుల్లో మిషను ఆసుపత్రికి వెళ్ళినప్పటినుంచీ, కుటుంబ ప్రార్థనలో నీ మనసు మార్చమనే దేవుణ్ణి అడుగుతున్నాను. నిన్న మీ అమ్మ ఆమెన్ అనలేదు. తన బైబిల్లోంచి, వాక్యం అచ్చేసిన వాగ్దానం కార్డు ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. సొంత తెలివిని కాదు, దేవుణ్ణి నమ్ముకోమని ఉంది.

"కొత్త సంవత్సరం ఆరాధనలో ఏడాదికి దేవుడి మాటగా చూడకుండా తీస్తే మీకొచ్చింది ఇదేనండీ. నచ్చక మళ్ళీ పళ్ళెంలో పడేసి ఇంకోటి తీశారు. మీ వెనకే ఉన్నాను, నేను తీసి దాచాను" అంది. దొరికిపోయిన దొంగలా కూర్చున్నాను.

చెరకు ఫ్యాక్టరీకి తోలేశాం. నీకు ఆసుపత్రిలో దోమతెర ఇచ్చారా? అమ్మ రొయ్యల పచ్చడి పంపుతోంది, డబ్బా పారెయ్యకు. నీ బాగు నాకంటే దేవుడికే ఎక్కువ తెలుసు. ఆయన నీడ నీమీద ఉండుగాక.

ఈ సాయంత్రం నిన్ను ఆ ఆసుపత్రిలోనే తన పనికి వాడుకోమని ప్రార్థించాను. నేను ముగించకముందే మీ అమ్మ ఆమెన్ అనేసింది.

మీ నాన్న,
నతానియేలు