మ్యూజియం వారి సంబంధం

సోనారి, జంషెడ్‌పూర్
ఫిబ్రవరి, 1979

అప్పకి తమ్ముడు సూర్యం నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, నీ మరదలు దాలమ్మా, అమ్మాయి పద్మకుమారీ క్షేమం. నువ్వూ, మేనల్లుడు చిన్నారావూ బాగున్నారని తలుస్తాను.

మొన్న ఆదివారం నాకు డ్యూటీ లేదు. పద్మని తీసుకుని మ్యూజియం వారి బంగళాకి ఇల్లు చూడ్డానికి వెళ్ళాం. అప్పా, ఇల్లంటే అదీ. రాతి గోడలు, చుట్టూ వరండా. ఆ ఇంటి దొర లేకపోయినా ఆయన మంచం, కుర్చీ, చుట్టల పెట్టె ఎక్కడివక్కడే తుడిచి పెట్టారు. బల్ల మీద పింగాణీ కంచాలు వడ్డనకి సిద్ధంగా ఉన్నాయి. వెనక గులాబీ తోట. లోపలికి వెళ్ళడానికి టిక్కెట్టు పెట్టారుగాని, ఆ తోట ఒక్కటి చూసినా గిట్టుబాటే. దాలమ్మకి మాత్రం వంటిల్లు దూరమనిపించింది.

నీ తమ్ముడు
సూర్యం

తా.క. పద్మకి ఇల్లు తెగ నచ్చింది. గేటు మూసేదాకా కదల్లేదు.


నరసన్నపేట

చిరంజీవి సూర్యానికి కాంతం ఆశీర్వదించి రాసేది.

ఉత్తరం అందింది. ఇల్లు చూడ్డానికి వెళ్ళే ముందు నాకొక ముక్క రాసి ఉంటే బాగుండేది. పద్మ పుట్టిననాడు నువ్విచ్చిన మాట నేను మర్చిపోలేదు. నువ్వు మర్చిపోతే చేసేదేముంది. పెద్దిల్లు చూశాక అప్ప కంటికెక్కడ ఆనుతుంది?

ఇంతకీ ఆ దొర వయసెంత? ఇంట్లో ఆడవాళ్ళున్నారా? అడగడం నా ధర్మం కనక అడుగుతున్నాను.

కాంతం

తా.క. చిన్నారావు రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. ఎండ వల్లేనని మరదలికి చెప్పు.


సోనారి

అప్పకి నమస్కారాలు.

నిన్ను వదిలేసి చూశామని కోపమొచ్చినట్టుంది. పద్మ పుట్టినప్పుడు నీకు జంషెడ్‌పూరంతా చూపిస్తానన్నాను, గుర్తుంది. నువ్వెప్పుడొస్తే అప్పుడే ఆ బంగళా చూపిస్తాను.

దొర ఫొటోలో యాభై ఏళ్ళవాడిలా ఉన్నాడు. పెద్ద మీసాలు, పక్కన గుర్రం. పెళ్ళాం గది మేడ మీద. దానికి తాడు కట్టేశారు, ఎవర్నీ లోపలికి పోనివ్వరు. గుమ్మంలోంచి తొంగి చూడాల్సిందే.

అసలు సంగతి మర్చిపోయాను. పద్మ వాళ్ళకి బాగా నచ్చింది. ఒకటో తారీఖు నుంచి పంపమన్నారు. పొద్దున్న వెళ్ళి సాయంత్రం ఇంటికి వచ్చేస్తుంది. నెలనెలా జీతం కూడా ఇస్తారట. నేను సరేనన్నాను.

నీ సూర్యం

తా.క. చిన్నారావుకి మజ్జిగ ఎక్కువ పొయ్యి.


నరసన్నపేట

సూర్యానికి,

ఆశీర్వాదాలు తరవాత. ముందు ఇది చదువు.

మ్యూజియం అనే ఇంటిపేరు మన వైపు ఎవరికీ తెలీదు. పోస్టు మేస్టారిని కూడా అడిగాను. ఇల్లు చూడవచ్చినవాళ్ళకి టిక్కెట్టు పెట్టాడంటే వాడికి ఎన్ని సంబంధాలు వస్తున్నాయో. పోనీ అనుకుంటే యాభై ఏళ్ళవాడు. మొదటి పెళ్ళాన్ని మేడ మీద తాడుతో కట్టేశాడని నీ చేత్తో నువ్వే రాశావు. జీతమిచ్చి, సాయంత్రం పుట్టింటికి పంపే కాపురం నేనెక్కడా వినలేదు.

నాకు కట్నం వద్దు, ఏమీ వద్దు. నువ్వు మాటిచ్చినట్టు పద్మ నా కోడలు. చిన్నారావు నిన్న రైలెక్కాడు. ఖరగ్‌పూర్‌లో బండి మారమని చెప్పాను.

కాంతం

తా.క. వాడి చేతిలో కర్ర ఉంటుంది. భయపడకండి, అది కుక్కల కోసం.


సోనారి

అప్పకి సూర్యం వెయ్యి నమస్కారాలు పెట్టి రాసేది.

చిన్నారావు క్షేమంగా చేరాడు. కాకపోతే ముందు మా ఇంటికి రాలేదు. టాటానగర్ స్టేషన్లో దిగి నేరుగా బంగళాకే వెళ్ళాడు.

మ్యూజియమంటే ఇంటిపేరు కాదప్పా. పాతకాలం ఇల్లు చెక్కుచెదరకుండా ఉంచి జనానికి చూపించే చోటు. ఆ దొర ఎప్పుడో పోయాడు. వచ్చినవాళ్ళకి గదులు చూపించి సంగతులు చెప్పడం పద్మ ఉద్యోగం. ఈ ముక్క మొదటే రాయాల్సింది.

గేటు దగ్గర కాపలావాడు కర్ర తీసుకుని టిక్కెట్టిచ్చాడు. వరండాలో పద్మే ఎదురైంది. పదేళ్ళ తరవాత చూడటం, ఒకరినొకరు గుర్తుపట్టలేదు. దొరసాని గది ఎక్కడని వీడడిగితే, పైన అని హిందీలో చెప్పింది. వీడు మేడెక్కి, తాడు విప్పి లోపలికి వెళ్ళాడు. ఖాళీ మంచం, అద్దం, ఈకల టోపీ ఉన్నాయి. పద్మ వెనకే పరుగెత్తి, ఆవిడ చచ్చిపోయి నలభై ఏళ్ళయిందని చెప్పింది.

వీడు తలపాగా తీసి మంచం ముందు నిలబడ్డాడట. “అన్నేళ్ళూ ఎవులూ ఇడిపించనేదేటి, పాపం” అన్నాడట.

ఊరూ పేరూ అడిగి, బావేనని తెలిశాక పద్మే ఇంటికి తీసుకొచ్చింది. ఆ మాట ఇంట్లో చెప్తూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. తరవాత నవ్వడం మానేసింది. నీకు రాయలేక ఆ రోజు మాట దాటేశానుగాని, మొహం కూడా గుర్తులేని బావని చేసుకోనని అది రెండేళ్ళుగా అంటోంది. మర్నాడు పొద్దున్న టీ ఇస్తూ, “ఎవరో తెలీని ఆవిడ కోసం అంత దూరం వచ్చినోడు, రేపు నన్ను కట్టేత్తాడేటి నాన్నా? ఠీక్ హై, అత్తకి రాసెయ్” అంది. ఉద్యోగం మాత్రం మానదట. చిన్నారావే ఇక్కడికి రావాలట. వాడు అప్పుడే తలూపేశాడు. ఇక నీ మాటే మిగిలింది.

నీ తమ్ముడు
సూర్యం

తా.క. తిరుగు బండి సంగతి అడిగితే వాడు రేపు, రేపు అంటున్నాడు. రోజూ పద్మ వెనకే బంగళాకి వెళ్ళి తోటమాలికి నీళ్ళు తోడి పోస్తున్నాడు. మేనల్లుడికి గులాబీలంటే ఇంత ఇష్టమని నువ్వెప్పుడూ చెప్పలేదే.